షార్ట్‌హ్యాండ్ 80 స్పీడు: రాసింది తిరిగి చదవలేకపోవడం, దాంతోపాటు ఒక అనువాద సందేహం

నుంగంబాకం_నోట్‌బుక్:
అందరికీ నమస్కారం. రెండు సందేహాలు ఒకేచోట పెడుతున్నాను, ఏమనుకోకండి.

మొదటిది పిట్‌మన్ షార్ట్‌హ్యాండ్ (శబ్దాలను గీతలు, చుక్కలతో వేగంగా రాసే లిపి), ఇంగ్లీషు, జూనియర్ స్థాయి, నిమిషానికి 80 మాటలు. డిక్టేషన్ చేతికి అందుతోంది. టైపు చేయడానికి కూర్చుంటే మాత్రం పేజీకి పది చోట్లయినా ఔట్‌లైన్ (ఒక మాటకు రాసిన గీతల ఆకారం) వంక చూస్తూ ఉండిపోవాల్సి వస్తోంది. అచ్చుల చుక్కలూ గీతలూ పెడితే వెనకబడతాం, పెట్టకపోతే చదవలేం. ముందు ఏది సరిచేసుకోవాలి?

రెండోది ఇంగ్లీషు వ్యాసాల్లో ‘ఫలానా మాట ఫలానాదానికి షార్ట్‌హ్యాండ్’ అని రాస్తుంటారు కదా. దాన్ని తెలుగులో ‘సంక్షిప్తలిపి’ అంటే అర్థమే చెడుతుంది. అక్కడ మీరైతే ఏం రాస్తారు?

గీతాబిందువు:
మొదటి ప్రశ్నకు నా జవాబు: చుక్కలను తప్పుపట్టకండి. 80 స్పీడులో నూటికి తొంభై మాటలకు చుక్క అవసరమే ఉండదు. ఔట్‌లైన్‌ను ఏ స్థానంలో (రూళ్ల గీతకు పైనా, గీత మీదా, గీతను కోస్తూనా) రాశారన్నదే అచ్చును చెబుతుంది. మీ నోట్సులో స్థానాలు కలిసిపోతున్నాయని నా అనుమానం.

చిన్న మాట తీసుకుందాం. పి గీతను సగం చేస్తే చివర టి చేరుతుంది. ఆ సగం గీతను రూళ్ల గీతకు పైన రాస్తే ‘ప్యాట్’ లేదా ‘పాట్’. గీత మీద రాస్తే ‘పెట్’ లేదా ‘పట్’. సగం గీత రూళ్ల గీతను కోయదు కాబట్టి ‘పిట్’, ‘పుట్’ కూడా గీత మీదే. అంటే ఒక్క గుర్తు, ఆరు మాటలు, రెండు చోట్లు. ఒక్కో చోట మిగిలే వాటిలో ఏదన్నది వాక్యం చెప్పేస్తుంది. కుక్కపిల్ల గురించి మాట్లాడుతున్న వాక్యంలో గీత మీద ఆ గుర్తు కనిపిస్తే ‘పెట్’ తప్ప ఇంకోటి తట్టదు. అదే గుర్తు గీతకు కాస్త పైనా కాదు, కాస్త మీదా కాదు అన్నట్టు తేలుతూ ఉంటే ఆరు మాటలూ పోటీకి వస్తాయి. మీరు ఆగిపోతున్నది అక్కడే.

ఇంకో సంగతి. కె, జి, ఎమ్, ఎన్ లాంటి అడ్డగీతలు మాత్రమే ఉన్న ఔట్‌లైన్లకు కూడా గీతను కోసే స్థానం లేదు. వాటికి రెండో స్థానం, మూడో స్థానం రెండూ గీత మీదే. చుక్కలు పెట్టే ఓపికను ఈ మాటలకు దాచుకోండి. ఊళ్ల పేర్లకు, మనుషుల పేర్లకు, అరుదైన మాటలకు కూడా తప్పకుండా పెట్టాలి. ఇక ‘మలుచుకోవడం’ అనే అడాప్ట్, ‘దత్తత తీసుకోవడం’ అనే అడాప్ట్ చూడండి. తెలుగులో రాస్తేనే రెండూ ఒకటిగా కనిపిస్తున్నాయి, పిట్‌మన్‌లోనూ హల్లుల వరస ఒకటే. అలాంటి జంటల దగ్గర రెండో అచ్చు పెట్టడానికి బద్ధకించకండి.

కోర్టుహాల్_పెన్సిల్:
గీతాబిందువు గారు చెప్పింది అక్షరాలా నిజం. దానికి కొలతలు కూడా చేరుస్తాను, ఎందుకంటే స్పీడు పెరిగేకొద్దీ మొదట చెడేది కొలతే.

మామూలు గీత అంగుళంలో ఆరోవంతు, అంటే దాదాపు 4 మిల్లీమీటర్లు. సగం చేస్తే 2, రెట్టింపు చేస్తే 8. ఎల్ గీతనే చూడండి. 2 మిల్లీమీటర్లయితే ‘లెట్’, 4 అయితే ‘లే’, 8 అయితే ‘లెటర్’. కంగారులో మామూలు గీత 3కి కుంచించుకుపోతుంది, సగం గీత 3కి సాగుతుంది. ఆ తర్వాత ఎంత చూసినా తేడా తెలియదు. దీనికి మందు స్కేలు. డిక్టేషన్ అయ్యాక నోట్సులో ఏవైనా ఇరవై గీతల పొడవు కొలవండి. మధ్యస్థంగా 3 దగ్గర తేలినవి ఎన్నున్నాయో లెక్కపెడితే రోగం ఎక్కడుందో అప్పుడే తెలిసిపోతుంది.

సున్నా తిప్పే దిక్కు మరో మడతపేచీ. నిటారు గీత చివర చిన్న సున్నాను గడియారానికి ఎదురు తిప్పితే ఎస్. గడియారం వైపు తిప్పితే ఎన్ కూడా చేరుతుంది. ‘పేస్’ అని రాయబోయి దిక్కు తప్పితే అది ‘పెయిన్స్’. సున్నా కోడిగుడ్డులా సాగితే ‘పేస్ట్’, ఎందుకంటే గీతలో సగం పొడవుండే గుడ్డు ఆకారానికి ఎస్‌టీ అని అర్థం. మూడూ ఒకే స్థానంలో ఉంటాయి కాబట్టి స్థానం ఆదుకోదు.

పెన్సిలు హెచ్‌బీ వాడండి. 2హెచ్ గట్టిగా ఉంటుంది, బి, డి, జి లాంటి లావు గీతలు పడవు. 2బి తొందరగా మొద్దుబారి అన్ని గీతలనూ లావు చేసేస్తుంది. మామూలు బాల్‌పెన్నుతో సన్నం, లావు తేడా రాదు, పి, బి ఒకేలా కనిపిస్తాయి. నాలుగు పెన్సిళ్లు రెండు వైపులా చెక్కి పెట్టుకోండి. పట్టు వదులుగా ఉండాలి. లావు గీత నొక్కుడుతో రావాలిగానీ రెండుసార్లు దిద్దితే కాదు.

పైన స్పైరల్ ఉండి, మధ్యలో నిలువు గీత ఉన్న ప్యాడ్ తీసుకోండి. ఎడమ గడి నింపి కుడి గడికి వెళ్లాలి. కుడి గడి సగానికి రాగానే ఎడమచేతి వేళ్లు పేజీ కింది అంచును ఎత్తి పట్టుకుని ఉండాలి. పేజీ తిప్పడానికి ఒక్క సెకను పోయినా 80 స్పీడులో ఒక మాటకు పైనే దాటిపోతుంది.

వేళచ్చేరి_వాణి:
తెలుగువాళ్లకు ప్రత్యేకంగా వచ్చే చిక్కొకటి ఉంది. పుస్తకాల్లో దొరకదు కాబట్టి ఇక్కడ రాస్తున్నాను.

చివరి శబ్దం హల్లా, అచ్చా అన్నదాన్ని పిట్‌మన్ పద్ధతి ఔట్‌లైన్ ఆకారంతోనే చెప్పేస్తుంది. ‘పెన్’కు గీత చివర చిన్న కొక్కెం చాలు, ‘పెన్నీ’కి ఎన్ గీత మొత్తం రాయాలి. ‘పిట్’కు సగం గీత, ‘పిటీ’కి పి, టి రెండు గీతలు. ‘రేస్’కు సున్నా, ‘రేసీ’కి ఎస్ గీత. ‘కార్’లో ఆర్ కిందికి దిగుతుంది, ‘క్యారీ’లో పైకి ఎక్కుతుంది. చుక్క పెట్టకుండానే చివర అచ్చు ఉందని కంటికి తెలిసిపోతుంది.

తెలుగు అజంత భాష కదా, మన చెవి ప్రతి మాట చివరా ఒక ‘ఉ’ తగిలిస్తుంది. కారు, బస్సు, పెన్ను. ఆ చెవితో విని రాస్తే కొక్కెం రావలసిన చోట గీత, కిందికి దిగవలసిన ఆర్ బదులు పైకెక్కే ఆర్ పడతాయి. రాసినప్పుడు ఏ ఇబ్బందీ ఉండదు. చదివేటప్పుడు మాత్రం ‘కార్’ ఉండాల్సిన చోట ‘క్యారీ’ వచ్చి కూర్చుంటుంది. మొదట్లో కూడా ఇదే సంగతి. ‘స్కూల్’ను ‘ఇస్కూల్’ అని విన్నారా, సున్నాకు బదులు ఎస్ గీతే రాస్తారు.

వకారం దగ్గర ఇంకా జాగ్రత్త. ‘పడమర’ అనే వెస్ట్, చొక్కా కింద తొడిగే వెస్ట్ మనకు ఒకే శబ్దం. పిట్‌మన్‌లో ఒకటి కొక్కెంతో మొదలై పైకి వెళ్లే నిటారు గీత, ఇంకోటి కిందికి దిగే లావు వంపు. డబ్ల్యూతో మొదలయ్యే యాభై మాటలు, వీతో మొదలయ్యేవి యాభై కలిపి ఎవరిచేతనైనా చదివించుకుని, ఔట్‌లైన్ మొదటి గీత మాత్రమే రాస్తూ పోండి. రోజుకు ఐదు నిమిషాలు చాలు.

నుంగంబాకం_నోట్‌బుక్:
వాణి గారూ, ‘క్యారీ’ మాట నా నోట్సులోంచి తీసినట్టే ఉంది! ఇంకొక్కటి. ఆర్ కొక్కెం ముందు రాస్తాం కాబట్టి చదివేటప్పుడు ఆర్ ముందు వస్తోంది. ‘ప్ర’ కాస్తా ‘ర్ప’ అవుతోంది. ఇది దేనివల్ల?

గీతాబిందువు:
అందరికీ మొదట్లో జరిగేదే. చెన్నైలో ఉన్నారు కాబట్టి ఏ బస్సు బోర్డు చూసినా దీనికి ఉదాహరణ దొరుకుతుంది. తమిళంలో ‘కె’ రాయాలంటే కొమ్ము ముందు, ‘క’ తర్వాత. చదివేటప్పుడు ఎవరూ కొమ్మును ముందు పలకరు, కన్ను రెంటినీ కలిపి ఒక్క అక్షరంగా తీసుకుంటుంది. పిట్‌మన్ కొక్కెం కూడా అంతే. పి, ఆర్ అని విడదీయకండి, ‘పర్’ అని ఒకే పేరుతో పిలవండి. పర్, బర్, టర్, డర్ అని పైకి అంటూ ఒక్కోటి రెండు వరసలు రాయండి. మన క్రావడిలాగే అది కూడా హల్లులో భాగమని చేతికి అలవాటైతే తిరగబడటం ఆగిపోతుంది.

లఘువు_గురువు:
రెండో ప్రశ్న గురించి ఎవరూ మాట్లాడలేదు, నేను మొదలుపెడతాను.

మన శాస్త్రాల్లో దీనికి ఎప్పటినుంచో పేరుంది: ఉపలక్షణం. ‘కాకేభ్యో దధి రక్ష్యతామ్’, కాకుల నుంచి పెరుగు కాపాడు అన్నది దీనికి పాత ఉదాహరణ. విన్నవాడు కాకిని తోలి, పిల్లి వస్తే ఊరుకుంటాడా? పెరుగు పాడుచేసే వాటన్నిటికీ ‘కాకి’ ఒక గుర్తు. ఇంగ్లీషువాళ్లు ‘షార్ట్‌హ్యాండ్’ అన్నప్పుడు చాలాసార్లు చెబుతున్నది సరిగ్గా ఇదే. ఒకదాని పేరు చెప్పి, దాని జాతినంతా అందులో ఇరికించడం.

లిపిలో జరిగే పొదుపు కూడా మనకు కొత్త కాదు. బళ్లో నేర్చుకున్న ‘అచ్చులు’, ‘హల్లులు’ అన్న మాటలే పాణిని పొట్టి గుర్తులు. 14 మాహేశ్వర సూత్రాల్లో మొదటి అక్షరం ‘అ’ నుంచి నాలుగో సూత్రం చివరి ‘చ్’ వరకు ఉన్న వాటన్నిటికీ కలిపి ‘అచ్’. ఐదో సూత్రం మొదటి ‘హ’ నుంచి పద్నాలుగో సూత్రం చివరి ‘ల్’ వరకు ‘హల్’. సూత్రాల చివర వచ్చే హల్లులు హద్దురాళ్లు మాత్రమే, లెక్కలోకి రావు. ఉత్పలమాలను ‘భరనభభరవ’ అని ఏడు అక్షరాల్లో గుర్తుపెట్టుకుంటాం. విప్పితే ఇరవై అక్షరాల పాదం వస్తుంది. పలికే కాలంలో అర మాత్ర మిగిలితే వైయాకరణులు కొడుకు పుట్టినంత సంబరపడతారని సామెత. గీతను సగం చేసి టి చేర్చే పద్ధతి వాళ్లు చూసి ఉంటే ఎంత ఇష్టపడేవారో!

మైలాపూర్_డెస్కు:
లఘువు_గురువు గారూ, ఉపలక్షణం శాస్త్రానికి బాగుంది. పత్రికలో ఆ మాట వేస్తే పాఠకుడు అక్కడే ఆగిపోతాడు. అనువాదంలో నేను చూసుకునే పద్ధతి చెబుతాను.

‘షార్ట్‌హ్యాండ్ ఫర్’ అన్నది కనిపించగానే రచయిత దాన్ని మెచ్చుకుంటున్నాడా, వర్ణిస్తున్నాడా, తప్పుపడుతున్నాడా అని చూడాలి. మెచ్చుకుంటుంటే మనకు ‘మారుపేరు’ ఉంది, ‘పెట్టింది పేరు’ ఉంది. నిజాయితీకి మారుపేరు, కాఫీకి పెట్టింది పేరు. ఊరికే వర్ణిస్తుంటే అసలు ఆ మాటే అక్కర్లేదు. ‘అంటే’ చాలు: ‘చెన్నైలో కోట అంటే తమిళనాడు ప్రభుత్వం.’ సెయింట్ జార్జి కోటలో సచివాలయం ఉంది కాబట్టి ఆ మాట వచ్చింది. ‘కోట కదిలింది’ అని శీర్షిక పెడితే చెన్నైలో ఎవరూ గోడల గురించి అనుకోరు.

తప్పుపడుతున్న చోటే చిక్కంతా. ‘ఈ మాట ఫలానా సమస్యకు షార్ట్‌హ్యాండ్ అయిపోయింది’ అని రాసినప్పుడు, వివరమంతా వదిలేసి ఒక్క ముక్కతో సరిపెడుతున్నారన్న ఫిర్యాదు అందులో ఉంది. అక్కడ ‘మారుపేరు’ అంటే పొగడ్త అయిపోతుంది. ‘ఒక్క మాటలో తేల్చేస్తున్నారు’, ‘ఆ ముద్ర వేసి వదిలేస్తున్నారు’ అంటే సరిపోతుంది. ‘పర్యాయపదం’ మాత్రం దయచేసి వాడకండి. పర్యాయపదాలు ఒకదాని బదులు ఒకటి రావాలి. కోట, ప్రభుత్వం అలా రావు. ‘ప్రభుత్వానికి సున్నం వేశారు’ అనలేం కదా.

కోర్టుహాల్_పెన్సిల్:
డెస్కు గారి ‘కోట’కు పిట్‌మన్‌లో తమ్ముడున్నాడు. ఇంటర్‌సెక్షన్ అంటారు. ఒక ఔట్‌లైన్‌ను అడ్డంగా కోస్తూ జి గీత రాస్తే ‘గవర్నమెంట్’, పి గీత రాస్తే ‘పార్టీ’, డి అయితే ‘డిపార్ట్‌మెంట్’. ఒంటరిగా జి గీతకు ఆ అర్థం లేదు, కోసినప్పుడే వస్తుంది. కోయడం కుదరని చోట దగ్గరగా ఆనించి రాస్తారు.

కొత్తవాళ్లు చేసే పొరపాటేమిటంటే, ఇది రుచి తగలగానే సొంతంగా పది కల్పించుకుంటారు. పి ‘పార్టీ’ కూడా, ‘పాలసీ’ కూడా, ‘పెన్షన్’ కూడా అని. ‘పార్టీ పాలసీ’ అన్న మాట డిక్టేషన్‌లో వచ్చిన రోజు అంతా కుప్పకూలుతుంది. ఒక గుర్తుకు ఒక రంగంలో ఒకే అర్థం ఉంచుకోండి. డిక్టేషన్ నడుస్తుండగా కొత్త గుర్తు కనిపెట్టకండి. అది ఆ క్షణంలో మీకు వెలుగులా తోస్తుంది, అరగంట తర్వాత చీకటి.

వేళచ్చేరి_వాణి:
ఆ అరగంట మాట చాలా ముఖ్యం. నోట్సు వేడిమీద చదవాలి. ఇంగ్లండుకు చెందిన శామ్యూల్ పెపిస్ 1660 నుంచి 1669 దాకా షెల్టన్ పద్ధతి షార్ట్‌హ్యాండ్‌లో డైరీ రాశాడు. 1819లో జాన్ స్మిత్ అనే ఆయన దాన్ని విప్పడం మొదలుపెట్టి 1822 దాకా కుస్తీ పట్టాడు. ఆ పద్ధతి నేర్పే పుస్తకం పెపిస్ గ్రంథాలయంలోనే, అదే గోడల మధ్య ఉంది. స్మిత్‌కు ఆ సంగతి తెలియదు.

మాటల్లోని షార్ట్‌హ్యాండ్ కూడా అలాగే చల్లారిపోతుంది. ‘కోడంబాక్కం’ అంటే సినిమా పరిశ్రమ అని చెన్నై తెలుగువాళ్లకు ఇప్పటికీ తెలుసు. హైదరాబాద్‌లో పెరిగిన పిల్లలకు అదొక రైల్వే స్టేషన్ పేరు. ‘మౌంట్ రోడ్ మహావిష్ణువు’ అంటే హిందూ పత్రిక అని పాతవాళ్లకే తడుతుంది. 2000ల తొలి ఏళ్లలో అమెరికాలో ఉద్యోగం పోయి అది భారత్‌కు తరలితే ‘బెంగళూర్డ్’ అనేవాళ్లు, ఊరి పేరునే క్రియ చేసేశారు. ఇప్పుడు ఆ మాట అంటే వివరించాలి. పాత ఉత్తరాల్లో ‘గం.భా.స.’ అని ఉంటే గంగాభాగీరథీ సమానురాలు అని విప్పి, ఆమె భర్త లేని మనిషి అని గ్రహించేవారు ఎంతమంది మిగిలారు?

అందుకే అనువాదకులకు నా మనవి: చదివేవాళ్లు విప్పుకోగలరా లేదా చూసుకోండి. లేదనిపిస్తే మొదటిసారి పూర్తిగా చెప్పి, రెండోసారి నుంచి పొట్టి మాట వాడండి. ‘సెయింట్ జార్జి కోటలోని ప్రభుత్వం’ అని ఒకసారి అంటే, తర్వాత ‘కోట’ అని ఎన్నిసార్లన్నా ఇబ్బంది లేదు.

నుంగంబాకం_నోట్‌బుక్:
ఎంత సాయం చేశారండీ! రేపటి నుంచి సాధన ఎలా మొదలుపెట్టాలో కూడా చెబితే నిశ్చింత. స్టాఫ్ సెలక్షన్ కమిషన్ వాళ్ల స్టెనోగ్రాఫర్ పరీక్ష, గ్రేడ్ డి కూడా రాయాలనుంది.

గీతాబిందువు:
ఒక పాసేజీ తీసుకుని ప్రతి 20 మాటలకు ఒక గీటు పెట్టండి. 80 స్పీడంటే గీటుకు 15 సెకన్లు. చదివేవాళ్లు గడియారం చూస్తూ గీటు గీటుకూ సరిగ్గా చేరాలి. మొదటి నిమిషం మెల్లగా చదివి చివర పరిగెత్తితే అది 80 కాదు. 100 స్పీడుకైతే 25 మాటలకు, 120కి 30 మాటలకు గీటు.

తెలిసిన పాసేజీని మొదట 70లో, తర్వాత 80లో రాయండి. ఆపైన ఒక్క నిమిషం మాత్రం 100లో. ఆ నిమిషంలో నోట్సు చెడుతుంది, చెడనివ్వండి. వెంటనే మళ్లీ 80కి వస్తే తీరుబడిగా అనిపిస్తుంది. ఆ తీరుబడిలో స్థానాలు, పొడవులు చూసుకుంటూ రాయండి. చివరిది కొత్త పాసేజీ, ఐదు నిమిషాలు. ఆగిపోయిన ఔట్‌లైన్లన్నీ వేరే కాగితం మీద సరిగ్గా ఒక్కోటి ఒక వరస రాయాలి. టీ నగర్ దగ్గరైతే స్టెనోగ్రాఫర్స్ గిల్డ్‌లో కనుక్కోండి, పదిమందిలో కొత్త గొంతు విని రాయడం వేరు.

వెనకబడితే వెంటపడకండి. నాలుగైదు మాటలు మనసులో మోయవచ్చు, అంతకు మించితే అంగుళం ఖాళీ వదిలి, వినిపిస్తున్న చోటికి దూకండి. పోయిన ఐదు మాటల కోసం వచ్చే ఇరవై పోగొట్టుకోవద్దు.

కోర్టుహాల్_పెన్సిల్:
గ్రేడ్ డి అంటే 80 స్పీడు, 10 నిమిషాలు, అంటే 800 మాటలు. ఇంగ్లీషు ట్రాన్స్‌క్రిప్షన్‌కు, అంటే నోట్సు చూసి టైపు చేయడానికి, 50 నిమిషాలు. గ్రేడ్ సి అయితే 100 స్పీడు, 40 నిమిషాలే.

50 నిమిషాల్లో మొదటి 8 కీబోర్డు ముట్టకండి. నోట్సంతా పెన్సిలుతో చదువుతూ అనుమానం ఉన్న ఔట్‌లైన్ల పక్కన మాట రాసుకోండి, ఫుల్‌స్టాప్‌లు తేల్చుకోండి. మొదటి పేజీలో తట్టని పేరు నాలుగో పేజీలో చుక్కలతో సహా స్పష్టంగా దొరకవచ్చు. తర్వాత నిమిషానికి 25 మాటల చొప్పున టైపు చేసినా 32 నిమిషాలు. మిగిలిన 10 సరిచూసుకోవడానికి. మాట వదిలేసినా, వేరే మాట వేసినా, లేని మాట చేర్చినా పూర్తి తప్పు. స్పెల్లింగు, ఏకవచన బహువచనాలు, క్యాపిటల్ అక్షరం అర తప్పులు. కాబట్టి ఆ 10 నిమిషాల్లో స్పెల్లింగు తర్వాత చూడండి, ముందు నోట్సుతో పోలుస్తూ వదిలేసిన మాటలు వెతకండి.